తాళాలాయన రెండో డెస్క్‌టాప్

తాళాలు బాగుచేసే ఆ పెద్దాయనకు కట్టుకున్న భార్య మీద కూడా నమ్మకం లేదు. తాళం వేసి, మళ్లీ లాగి చూసుకునే రకం. ఇంటి కంప్యూటర్లో రెండో డెస్క్‌టాప్, అంటే మీట నొక్కితే మారే ఇంకో తెర, పెట్టుకున్నదీ అందుకే. ఇంట్లోవాళ్లకు పాత తెర. తను సొంతంగా కట్టి, చాటుగా పాడి రికార్డు చేసుకున్న పాటలకు కొత్త తెర. పాడడం అవగానే పాతదానికి మార్చేసి, హమ్మయ్య అనుకునేవాడు.

ఓ ఉదయం వంటింట్లోంచి తన పాటే కూనిరాగంగా వినిపించింది. ఒక్క పరుగున వెళ్లి భార్యను నిలదీశాడు.

“నా తెర ఎవరు తెరిచారే?”

“తెరవడమెందుకండీ? మీరు మార్చేది పైపై వేషమే. ఫైళ్లు రెండింట్లోనూ అవే కనిపిస్తాయి. మేం రోజూ వింటూనే ఉన్నాం,” అంది భార్య. “ఎంత బాగా పాడతారో!”

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఇంతకీ ఏం కావాలి నీకు?”