ప్రాబబ్లీ అన్న మాట, అత్త చేయించిన పీట

ఆ రోజుల్లో మా శామీర్‌పేటలో ఎవరి పిల్లకైనా కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటే జీతమెంత అని ఎవరూ అడిగేవారు కాదు, "పర్మనెంటేనా?" అని అడిగేవారు. డిగ్రీ అయిపోయి తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ట్రెయినీగా చేరిన కొత్తలో ఈ ప్రశ్న విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. కిరాణా కొట్టాయన అడిగాడు, ఇస్త్రీ బండాయన అడిగాడు, బస్టాపులో ముక్కూమొహం తెలియని ఆవిడ కూడా అడిగింది. ఇంకా కాలేదంటే చాలు, నేనేదో పరీక్ష తప్పినట్టు "అట్లనా" అని జాలిగా చూసేవారు. తక్కెడలో వీళ్ళందరినీ ఒక పక్క, మా మేనత్తను ఒక పక్క పెడితే మేనత్త వైపే మొగ్గుతుంది. మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు, అత్త వాటిని మేడ్చల్ మార్కెట్లో అమ్మేది. నా ట్రెయినింగు ఏడాది లోపల పర్మనెంటు కాకపోతే నన్ను తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకోవాలని ఆమె నిశ్చయించేసుకుంది. ఊరికే అనుకుని ఊరుకునే మనిషి కాదు, వడ్రంగి చేత నాకోసం ఒక పీట చేయించి తన పీట పక్కన వేసి పెట్టింది. "నీ పీట తయారున్నది కోడలా, తొందరేం లేదు, నువ్వు నిమ్మళంగ రా" అని ప్రతి ఆదివారం గుర్తుచేసేది. (చేపలమ్మడం చిన్నతనమని కాదు. పొలుసు తీయడం నాకు చేతకాదు, రోజంతా మా అత్త పక్కన కూర్చోవడం ఎవరికీ చేతకాదు.)

పర్మనెంటు చేయవలసింది మా సెక్షన్ పెద్దసారు. కోస్తా వైపు నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న మనిషి. మనసు మంచిదే, కానీ ఆయనకొక పిచ్చి ఉండేది. మేమందరం ఇంగ్లీషులో మాట్లాడలేక వెనకబడిపోతున్నామని, మమ్మల్ని బాగుచేసే బాధ్యత దేవుడు తనమీదే పెట్టాడని ఆయన నమ్మకం. కంపెనీ క్యాబులో ముందు సీటు ఆయనది. ప్రతి సోమవారం ఒక ఇంగ్లీషు మాట ఇచ్చేవారు. వారమంతా రోజూ ఆ మాటతో ప్రతి ఒక్కరూ ఒక వాక్యం చెప్పాలి. పుస్తకంలోది పనికిరాదు, మనింట్లో జరిగేదే చెప్పాలి. తప్పు ఉండకూడదు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. చెప్పనివాళ్ళను గేటు దగ్గర దిగనిచ్చేవారు కాదు. "ఇంగ్లీషు పుస్తకంలో ఉంటే లాభం లేదమ్మా, వంటింట్లోకి రావాలి" అనేవారు. అందుకే చాటున ఆయన్ని వాక్యం సారు అని పిలుచుకునేవాళ్ళం. బహదూర్‌పల్లిలో బయల్దేరిన బండి మేడ్చల్ మీదుగా శామీర్‌పేటకు వచ్చేసరికి ఉన్న వాక్యాలన్నీ మిగతావాళ్ళు ఊడ్చేసేవారు. ఆఖర్న ఎక్కే నాకు అడుగూబొడుగూ కూడా మిగిలేది కాదు. పొద్దున్నే స్నానం చేస్తూ వాక్యం, జడ వేసుకుంటూ వాక్యం, చివరికి దేవుడికి దండం పెట్టుకుంటూ కూడా వాక్యమే. నా ప్రాణానికి ఇదొకటి తోడైంది.

ఒక సోమవారం ఆయన ఇచ్చిన మాట 'ప్రాబబ్లీ'. మిగతా మాటలు వారంతో పోయేవి గాని ఇది పోలేదు. సారుకు తెగ నచ్చేసింది. "మనవాళ్ళకున్న జబ్బేంటో తెలుసా? ఏదడిగినా పక్కా అంటారు, ఒక్కటీ చెయ్యరు. ఈ మాట అలవాటైతే మనిషికి మర్యాద వస్తుంది" అని దాన్ని ఇంకో వారానికి, ఆపై ఇంకో వారానికి పొడిగించారు. డ్రైవరన్నకు కూడా మినహాయింపు లేదు. "సార్, టైర్ ఈజ్ ప్రాబబ్లీ పంచర్" అని ఆయనొక రోజు చెబితే సారు మెచ్చుకుని మురిసిపోయారు. అది వాక్యం కాదు, నిజంగానే పంచరైందని తెలియడానికి మాకు కొంచెం దూరం పట్టింది. నా పక్కన కూర్చునే అక్క రోజూ తన భర్త మీదే చెప్పేది. ప్రాబబ్లీ ఇంకా లేవలేదు, ప్రాబబ్లీ గ్యాస్ కట్టేయలేదు, ప్రాబబ్లీ పిల్లవాడికి నా టిఫిన్ డబ్బా ఇచ్చి పంపాడు. ఆమె సంసారం ఆ మాట మీదే నడుస్తోందా అనిపించేది. మొత్తానికి నెల తిరిగేసరికి మా క్యాబులో ఎవరినైనా పేరడిగినా ప్రాబబ్లీతోనే మొదలుపెట్టే స్థితికి వచ్చాం.

ఇంటికొస్తే అక్కడ ఇంకో తమాషా. మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. నీళ్ళలో ఉన్న చేప గురించి గట్టిగా మాట్లాడకూడదు. నాయిన వల భుజాన వేసుకుని బయల్దేరుతుంటే "ఇవాళ బాగా పడతాయి" అని ఎవరైనా నోరుజారారో, మా అవ్వ, అంటే నాయిన తల్లి, వాళ్ళను కూర్చోబెట్టి చీవాట్లు పెట్టేది. "నువ్వేమన్న నీళ్ళల్ల మునిగి సూసొచ్చినవా? పడుతయో పడయో గంగమ్మకెరుక" అనేది. ఒడ్డుకొచ్చిన చేపనే లెక్కలో చెప్పాలి, నీళ్ళలోది చెప్పకూడదు. అలాంటి అవ్వ, నేను వాక్యాలు వల్లిస్తుంటే విని ఒక రోజు దగ్గరికి పిలిచింది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నించి గా ఒక్క మాటనే సదువుతున్నవు?"

"ప్రాబబ్లీ అవ్వా. అయితే అయితది, కాకుంటే లేదు అన్నట్టు."

అవ్వ ఆ మాటను ఒకసారి నోట్లో తిప్పి చూసింది. "మంచి మాటనే బిడ్డా. ఇంగ్లీషోళ్ళు గూడ చేపలు పట్టేటోళ్ళేనా?" అంది.

అంతే, ఆ మాట మా ఇంట్లో పీట వేసుకుని కూర్చుంది. ఎదురింటావిడ "ఇయ్యాల చేపలు దొరుకుతయా అవ్వా?" అంటే అవ్వ తాపీగా "ప్రాబబ్లీ" అనేది. నాయిన కూడా మొదలుపెట్టాడు. క్యాబులో అదే, ఇంట్లో అదే, కలలో కూడా అదే. నోరు ఒక గాడిలో పడిపోతే మనిషి చేతిలో ఏముంటుంది, చెప్పండి.

సరిగ్గా నా ఏడాది ముగిసే వేళకు బయటి నుంచి ఆడిటర్ మేడమ్ తనిఖీకి వచ్చింది. ఈ తనిఖీ సజావుగా జరిగితే ట్రెయినీలందరికీ కాగితాలు ఇచ్చేస్తామని సారు ముందే చెప్పారు. మందుల కంపెనీలో తనిఖీ అంటే మాటలు కాదు. చూశావా అంటే చూశాను, చేశావా అంటే చేశాను. మధ్యలో ఇంకో జవాబు లేదు. ఆవిడ బక్కపల్చగా, నవ్వు అన్నది ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు ఉంది. నేరుగా నా దగ్గరికొచ్చి, మందుల నమూనాలు పెట్టే ఫ్రిజ్ చూపించి, పొద్దున్న దీని చల్లదనం ఎంతుందో చూశావా అని ఇంగ్లీషులో అడిగింది. నేను చూశాను. కళ్ళారా చూశాను. చూసి రాశాను కూడా. అయినా నోరు తెరిచేసరికి, ఎంతో మర్యాదగా, ఏ తప్పూ లేకుండా, "ప్రాబబ్లీ మేడమ్" అన్నాను.

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ వెనక నిలబడ్డ సారు రెండు చేతులూ ఊపుతున్నారు. ఆయన ఊపుతున్నది వద్దు అని ఇప్పుడు తెలుసు గాని, అప్పుడు శభాష్ అంటున్నారనుకున్నాను. ప్రాబబ్లీ అంటే ఏమిటి అర్థం, చూశావా లేదా అని ఆవిడ మళ్ళీ అడిగింది. కంగారులో "ఐ ప్రాబబ్లీ చెక్డ్ మేడమ్" అన్నాను. వాక్యం మాత్రం ఎక్కడా తప్పు లేదు. ఆవిడ విసురుగా వెనక్కి తిరిగి, ఈ అమ్మాయికి శిక్షణ ఇచ్చారా అని సారును అడిగింది. నెలరోజులు మా అందరి నోళ్ళకూ ఆ మాట మప్పిన మహానుభావుడు, టై సర్దుకుని, చక్కగా, స్పష్టంగా "ప్రాబబ్లీ, మేడమ్" అన్నారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఫ్రిజ్ బాగానే ఉంది, రాసిందంతా సరిగానే ఉంది, మనుషుల మాటే బాగాలేదని ఆవిడ రాసిపోయింది. మళ్ళీ వచ్చి చూస్తానంది. అప్పటిదాకా ఎవరికీ పర్మనెంటు లేదు. సాయంత్రం క్యాబులో సారు నామీద విరుచుకుపడ్డారు.

"ప్రాబబ్లీ ఏంటమ్మా, ప్రాబబ్లీ? చూశానని ఏడవచ్చుగా?"

"మీరే గద సార్ రోజూ వాడుమన్నరు."

"క్యాబులో వాడమన్నాను. ల్యాబులో వాడమన్నానా?"

"వంటింట్లకు గూడ రావాలన్నరు గద సార్" అన్నాను.

డ్రైవరన్న అద్దంలోంచి చూస్తూ, "మరి మీరెందుకన్నరు సార్?" అన్నాడు. ఆ రోజు శామీర్‌పేట దాకా ఇంకెవరూ ఏ భాషలోనూ మాట్లాడలేదు.

ఇంట్లో చెబితే అవ్వ నన్నే వెనకేసుకొచ్చింది. "తప్పేమన్నవని బిడ్డా? గామెకే తెల్వదు" అంది. నాయిన వల విప్పుకుంటూ అలా కూర్చుండిపోయాడు. అది చూస్తే నాకు ఎక్కువ బాధేసింది. మర్నాడే అత్త ఊడిపడింది. పర్మనెంటు ఆగిందన్న మాట మేడ్చల్ దాకా ఎలా వెళ్ళిందో (అవ్వే ఫోన్ చేసి చెప్పింది, ఇంకెవరు) తెలియనట్టే అడిగి, తెలియనట్టే విని, "పోనీ తీయ్ కోడలా. పీటకు వార్నీషు గూడ ఏయించిన, చీరకు పుల్లలు గుచ్చుకోవు" అంది. ఆమె ప్రేమతోనే అంది. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మాత్రం వాక్యం తయారుచేసుకోకుండానే క్యాబెక్కాను. సారు కూడా అడగలేదు. మా అందరికీ ఆయన నేర్పుతున్నవి ఇప్పుడు రెండే మాటలు: యెస్, నో. ఎవరైనా మూడో మాట ఎత్తితే చెయ్యి ఎత్తి ఆపేసేవారు.

కొన్ని వారాల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. అంతమందిని దాటుకుని తిన్నగా మళ్ళీ నా దగ్గరికే. నా ఖర్మ. పొద్దున్న ఫ్రిజ్ చూశావా అంది. "యెస్ మేడమ్" అన్నాను. రాశావా అంది. "యెస్ మేడమ్." సారు మొహం వెలిగింది. అక్కడితో పోతే బాగుండేది. ఆవిడ పోలేదు. ఫ్రిజ్ మీద చెయ్యి వేసి, సాయంత్రం దాకా ఇలాగే చల్లగా ఉంటుందా అని అడిగింది. ఆవిడ భుజం మీదుగా సారు పెదాలు కనిపిస్తున్నాయి. యెస్ అను, యెస్ అను. యెస్ అంటే పని అయిపోతుంది. పీట తప్పుతుంది, నాయిన మొహం తేటపడుతుంది. కానీ సాయంత్రం ఇంకా రాలేదే. కరెంటు పోవచ్చు, ఎవరో తలుపు సరిగ్గా వేయకపోవచ్చు. నీళ్ళలో చేపను గురించి గట్టిగా చెప్పకూడదని చిన్నప్పటినుంచీ పడ్డ చీవాట్లన్నీ ఒక్కసారి వీపు మీద చరిచాయి. సారు వైపు చూడకుండా, "ప్రాబబ్లీ మేడమ్. సాయంత్రం మళ్ళీ చూసి చెప్తాను" అని వచ్చీరాని ఇంగ్లీషులో అనేశాను.

సారు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. ఆవిడ తన కాగితం మీద ఏదో రాసుకుంది. "గుడ్" అంది. ఆ ఒక్క ముక్కే. పక్క గదికి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే మాకందరికీ పర్మనెంటు కాగితాలు వచ్చాయి. నాయిన నా కాగితం తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "ఇగ ఒడ్డుకొచ్చింది గదా, చెప్పొచ్చు" అని లేచి కిరాణా కొట్టు దాకా వెళ్ళి చెప్పివచ్చాడు. వాక్యం సారు మాత్రం క్యాబులో గొంతు సవరించుకుని, "చూశారా, మాటను సరైన చోట వాడితే ఎలా ఉంటుందో? ఊరికే నేర్పలేదు నేను" అన్నారు. డ్రైవరన్నే నా తరఫున గట్టిగా హారన్ కొట్టాడు.

ఇప్పుడు ఆ ముందు సీటు నాది. సారు రిటైరైపోయారు. వెనక కూర్చునే పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని ఇంగ్లీషు పాటలు వింటారు. వాళ్ళకు నేర్పవలసిందేమీ నా దగ్గర లేదు. అవ్వ లేదు. ఆ మాట ఆమె పలికినంత బాగా ఎవరూ పలకగా నేను వినలేదు. నేను మాత్రం మీటింగుల్లో పొద్దస్తమానం పక్కా, డెఫినెట్లీ, ష్యూర్ అంటూ తిరుగుతుంటాను. ల్యాబులో వణుకుతూ నిజం చెప్పిన ఆ పిల్ల ఎదురొస్తే నన్ను చూసి నవ్వుతుందేమో. మా అత్త ఇంకా మేడ్చల్లో చేపలమ్ముతూనే ఉంది. నా పీట మీద ఇప్పుడు తక్కెడ పెట్టుకుంటుంది. మొన్న ఫోన్ చేసి, "ఆదివారం ఒస్తున్నవా బిడ్డా?" అని అడిగింది. ఆ రోజు ఏం పని పడుతుందో తెలియక, "ప్రాబబ్లీ అత్తా" అన్నాను.

"అట్లయితే ఒస్తవ్. పీట కడిగి పెడత" అంది అత్త. "పక్కా అన్ననాడే నువ్వు రావు."