మావయ్య లారీకి రైలు వైద్యం

చేతిలో ఈల, జేబులో సుద్దముక్క, బుర్రలో రెండేళ్ల వర్క్‌షాపు జ్ఞానం పెట్టుకుని ఖరగ్‌పూర్ రైల్వే అప్రెంటిసు ఒకడు, ఎవరూ అడక్కుండానే ఒక లారీని బాగుచెయ్యబోతే ఏం జరుగుతుందో చెబుతాను. లారీకి ఏం జరిగిందో ముందే చెప్పేస్తున్నాను: అది పది రోజులు సరుకు మొయ్యలేదు. అప్రెంటిసుకు ఏం జరిగిందన్నది కాస్త నిదానంగా చెప్పుకోవలసిన సంగతి. ఎందుకంటే ఆ అప్రెంటిసు నేనే.

తర్వాత ముప్పయ్యేళ్లు పత్రికలో పనిచేశాను. బండ్లు పట్టాలు తప్పడం, వంతెనలు కుంగడం లాంటి వార్తలు చాలా రాశాను. "ప్రమాదానికి కారణం ఇంకా తెలియరాలేదు" అని రాసినప్పుడల్లా నాకు తాల్‌బగీచాలో మా మావయ్య ఇంటి పెరడు గుర్తొచ్చేది. అక్కడ జరిగిన ప్రమాదానికి కారణం మొదటి నిమిషంలోనే వీధి వీధంతా తెలిసిపోయింది.

అరవైల మధ్య మాట. మా మేనమామ సన్యాసిరావుకు ఒక పాత లారీ ఉండేది. యుద్ధం అయిపోయాక మిలటరీ వాళ్లు వదిలించుకున్న సరుకు. స్టేషను గూడ్స్ షెడ్డు నుంచి గోల్‌బజార్‌లోని మన తెలుగు షావుకార్ల కొట్లకు బియ్యం, మిరపకాయలు, ఉల్లిపాయలు తోలేవాడు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఆ ఇంటికి ఆ లారీ తప్ప మరో ఆధారం లేదు.

లారీ కేబిన్‌ను కింద చట్రం మీద నేరుగా బిగించరు. ఇనుముకూ ఇనుముకూ మధ్య రబ్బరు బుష్షులు వేస్తారు. చట్రం తిన్న గతుకులను అవి మింగి, లోపల కూర్చున్న మనిషిని కాపాడతాయి. మావయ్య లారీకి అలాంటివి ఆరు ఉండాలి. నేనెరిగే నాటికి నాలుగు బుష్షులు ఎండిపోయిన మామిడితాండ్ర ముక్కల్లా ఉండేవి. మిగిలిన రెండు చోట్లా ఒకప్పుడు బుష్షులు ఉండేవన్న గుర్తు మాత్రమే మిగిలింది. చట్రం ముందు బయలుదేరేది. కేబిన్ కాస్త ఆలోచించుకుని వెనకాల వచ్చేది. మలంచా రోడ్డు గతుకుల్లో మావయ్య మాట్లాడితే ఒక్కో మాటా నాలుగు ముక్కలై బయటికి వచ్చేది. మా అత్త ఒకసారి ఆ లారీలో మెదినీపూర్ దాకా వెళ్లి వచ్చి, దవడలు కలవక మూడు రోజులు గంజి తాగింది.

ఏటేటా మెదినీపూర్‌లో లారీని చూపించి, ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని కాగితం తెచ్చుకోవాలి. ఆ ఏడాది ఇన్‌స్పెక్టరు కేబిన్ తలుపు పట్టుకుని ఒక్కసారి ఊపాడు. కేబిన్ ఊగింది. ఆయన ఊపడం మానేశాక కూడా ఊగింది. రబ్బర్లు మార్పించి సోమవారం తీసుకురమ్మనీ, లేకపోతే బండిని ఇంటి దగ్గరే ఉంచుకొమ్మనీ చెప్పి పంపేశాడు. కాగితం రాకపోతే లారీ కదలదు. లారీ కదలకపోతే షావుకార్లు ఇంకొకరి లారీ మాట్లాడుకుంటారు. మాట్లాడుకున్నారంటే మళ్లీ మావయ్య మొహం చూడరు. ఈ సంగతి మావయ్యకు తెలుసు, అత్తకు తెలుసు, నాకూ తెలుసు. నాకూ తెలుసన్న మాట పాఠకులు గుర్తుపెట్టుకుని నన్ను ఇంకాస్త ఎక్కువగా అసహ్యించుకోవచ్చు.

మలంచా రోడ్డు పక్కన, అందరూ హారాన్ దా, అంటే హారాన్ అన్న, అని పిలిచే ఒక బెంగాలీ మేస్త్రీ ఉండేవాడు. ఆ లారీ జబ్బులన్నీ ఆయనకు తెలుసు. కలకత్తా నుంచి ఆరు కొత్త బుష్షులు తెప్పించి మావయ్య చేతిలో పెట్టాడు. చెల్లెలి కూతురికి అన్నప్రాశన ఉందనీ, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొచ్చి పని ముగిస్తాననీ మాటిచ్చాడు. పని ఎలా చేస్తాడో కూడా వివరించాడట. ఒక పక్క బోల్టులు తియ్యాలి. కేబిన్‌ను ఆ పక్క రెండు వేళ్లు పట్టేంత ఎత్తాలి. బుష్షులు మార్చాలి, దించాలి, బిగించాలి. అప్పుడు రెండో పక్కకు పోవాలి. రెండు గంటల పని.

శనివారం సాయంత్రం మావయ్య ఇదంతా నాకు చెబితే నేను నవ్వాను. ఈ నవ్వు దగ్గరే ఎవరైనా నన్ను ఆపి ఉంటే బాగుండేది.

అప్పుడు నా డ్యూటీ వర్క్‌షాపులో రైలు పెట్టెలను ఎత్తే షాపులో. పెట్టె మొత్తాన్ని నాలుగు మూలలా ఒక్కసారే పైకి లేపి, కింద నుంచి బోగీలను, అంటే చక్రాల చట్రాలను, తోసుకుపోయేవాళ్లం. అది చూసినవాడికి రెండు వేళ్ల ఎత్తు మాట చెబితే చిన్నతనంగా ఉండదా మరి.

"ఒక పక్క ఎత్తి, ఒక పక్క దించి, ఏటి మావా ఈ బేరం? నాలుగు మూలలా ఒక్కపాలి లేపీయాలి. మా షాపులో అలాగే సేస్తాం" అన్నాను.

"హారాన్ దా రేపు మజ్జానం వస్తానన్నాడు కదరా అల్లుడూ."

"ఆయనది రోడ్డు పని. మాది రైల్వే."

ఆ మాటతో మావయ్య మెత్తబడ్డాడు. కుర్రతనంలో ఆయనకు రైల్వే ఉద్యోగం కంటి పరీక్షలో తప్పిపోయింది. అప్పటినుంచీ రైల్వే పేరు చెప్పి ఎవరేం చెప్పినా తలూపేవాడు. రైల్వే ఆసుపత్రి మందు సీసాను కూడా అటక మీద విడిగా పెట్టేవాడు. ఆయన్ని అని ఏం లాభం, ఆ జబ్బు మా ఊరందరిదీ. వర్క్‌షాపు సైరన్‌కు నిద్రలేచి, సైరన్‌కు అన్నం తిని, సైరన్‌కు పిల్లల్ని బడికి తోలే జనం మేం. లోకంలో రైలు కాని ప్రతి వస్తువూ, పాపం, ఇంకా రైలు కాలేకపోయినట్టు కనిపించేది మాకు.

ఆదివారం పొద్దున్నే నిమ్‌పురా క్వార్టర్ల నుంచి ముగ్గురు ఫిట్టర్లను వెంటబెట్టుకుని దిగాను. వాళ్లలో పెద్దవాడు తవిటయ్య. నాకన్నా నాలుగేళ్లు సీనియరు, తక్కువ మాట్లాడే మనిషి. తెలిసిన లారీల వాళ్లను అడిగి నాలుగు జాకీలు తెచ్చాం. కేబిన్ నాలుగు మూలల కిందా చెక్క దిమ్మలు వేసి, వాటి మీద జాకీలు నిలబెట్టాం. ఆరు బోల్టులూ విప్పేశాం. ఎత్తేటప్పుడు ఊపడానికి పచ్చజెండా, ఆపడానికి ఎర్రజెండా తయారుచేశాను. ఎర్రది మా అత్త పాత రవిక. ఆమెను అడగలేదు. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

మా షాపులో పెట్టెను ఎత్తే ముందు, పెట్టెకూ కింద బోగీలకూ మధ్య ఉన్న లంకెలన్నీ విప్పారో లేదో చార్జ్‌మన్ ఒక జాబితా చదివేవాడు. ఫిట్టర్లు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి. ఆ జాబితా నాకు కంఠతా వచ్చు. లారీ తలుపు మీద సుద్దతో గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చేతులు వెనక్కి కట్టుకుని చదివాను.

"బ్రేకు రాడ్డు?"

"ఇప్పినాం" అన్నాడు తవిటయ్య.

"వాక్యూమ్ గొట్టం?"

తవిటయ్య వంగి చూశాడు. "దీనికి నేదు."

"నేకపోతే ఇప్పినట్టే. డైనమో బెల్టు?"

"ఇంజినుకుంది. కేబిన్‌కి నేదు."

"బోగీ నడిమి పిన్ను?"

"అదీ నేదు బావు."

నాలుగింటికీ టిక్కు పెట్టాను. వాటిలో మూడు ఆ కేబిన్‌కు లేని వస్తువులవి. అయినా జాబితా పూర్తయింది. జాబితా పూర్తయ్యాక ఇక ప్రమాదం జరగడానికి వీల్లేదని అప్పట్లో నా నమ్మకం.

ఎంతెత్తు లేపాలని తవిటయ్య అడిగాడు. బోగీ బయటికి పోయేంత అన్నాను. ఇక్కడ బోగీ లేదు కదా అని అతను నెమ్మదిగా గుర్తుచేశాడు. పద్ధతి పద్ధతే అని చెప్పి ఈల ఊదాను.

నలుగురం నాలుగు జాకీలు కొట్టడం మొదలుపెట్టాం. కేబిన్ పెళ్లిపీటల మీంచి లేచే కొత్త పెళ్లికూతురిలా బిడియంగా లేచింది. ఒక వేలు. రెండు వేళ్లు. హారాన్ దా ఆగమన్నది ఇక్కడే. నేను ఇంకో ఈల ఊదాను. నాలుగు వేళ్లు దాటేసరికి తవిటయ్య చెయ్యి ఆపి కిందికి చూశాడు.

"సట్రం కూడా ఎనకాలే లేస్తంది సూడు. ముందు సెక్రాల మీది కమాను పట్టీలు ఇప్పుకుంటన్నాయి."

"పాత రబ్బరు అతుక్కుపోయుంటాది. అదే ఊడుతాది, కానీయ్."

"రబ్బరే నేని కాడ ఏటి అతుక్కుంటాది?"

ఇంత తెలివైన ప్రశ్న ఆ పెరట్లో ఆ రోజు ఇంకొకటి పుట్టలేదు. దానికి జవాబుగా నేను పచ్చజెండా ఊపాను.

లారీకి ఉన్నదీ, రైలు పెట్టెకు లేనిదీ ఒకటుంది. పాఠకులు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. కనిపెట్టనివాళ్లెవరైనా ఉంటే వాళ్లు తప్పకుండా రైల్వే వాళ్లు. అది స్టీరింగ్. దాని కాడ కింద చట్రం దగ్గర పుట్టి, కేబిన్ నేలలోంచి పైకొచ్చి, డాష్‌బోర్డు కింద ఒక ఇనుప బిగింపులో నిలబడుతుంది. కేబిన్‌ను చట్రం నుంచి విడదీస్తున్నామని మేం అనుకుంటున్నాం. నిజానికి ఆ కాడను పట్టుకుని లారీ ముందు భాగాన్నంతా పైకి గుంజుతున్నాం.

టప్పుమని ఒక చప్పుడయింది. బిగింపు మెలితిరిగింది, కాడ వంగింది. స్టీరింగ్ చక్రం వాడిపోయిన పొద్దుతిరుగుడు పువ్వులా తల వాల్చి పక్క సీటు వైపు తిరిగింది. ఆ కాడ వెంట వచ్చే హారన్ తీగ ఎక్కడో ఒరుసుకుంది కాబోలు, హారన్ మోగడం మొదలుపెట్టింది. బ్యాటరీ సీటు కింద ఉంది. సీటు కేబిన్‌లో ఉంది. కేబిన్ నాలుగు జాకీల మీద వణుకుతోంది. ఎక్కి తీగ పీకే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఎర్రజెండా ఊపాను. హారన్ ఆ రవికను లెక్కచెయ్యలేదు.

పావుగంట పాటు అది మోగుతూనే ఉంది. గోడల మీద తలకాయలు మొలిచాయి. పక్కింట్లో ఉండే రిటైరైన గార్డు బయటికొచ్చి, ఆదివారం సైరన్ ఏమిటా అని గడియారం సరిచేసుకుని లోపలికి పోయాడు. చివరికి బ్యాటరీ అయిపోయి, హారన్ గొంతు పీలగా మారి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మావయ్య అరుగు దిగి వచ్చి, తలుపులోంచి లోపలికి చూశాడు.

"అల్లుడూ, మీ పెట్టెలకి ఇది ఉండదేటి?"

"ఉండదు మావా."

"మరి మలుపెలా తిరుగుతాది?"

"పట్టాలు తిప్పుతాయి."

ఆయన తలూపాడు. వెళ్లి అరుగు మీద కూర్చుని, వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. వంటింట్లోంచి అత్త తొంగిచూసి, ఆయన మొహం చూసి, నాకు పెట్టబోయిన ఉప్మా ప్లేటు వెనక్కి తీసుకుపోయింది.

మధ్యాహ్నం చెప్పిన వేళకే హారాన్ దా వచ్చాడు, చేతిలో అన్నప్రాశన మిఠాయి పొట్లంతో. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీద సుద్దతో రాసింది పైనుంచి కిందికి చదివాడు.

"లిస్ట్ ఏక్‌దమ్ ఠీక్ హై. ఇంక పట్టాలు వేయడమే బాకీ" అన్నాడు మాకు అర్థమయ్యే కలగాపులగం భాషలో.

తర్వాత జాకీలు దించి, ఒక పక్క రెండు వేళ్లు ఎత్తి, బుష్షులు మార్చి, బిగించి, రెండో పక్కకు పోయాడు. సరిగ్గా రెండు గంటలు పట్టింది. వంగిన కాడను కాల్చి కొట్టి, అది ఒప్పుకున్నంత మేరకు నిటారు చేశాడు. కొత్తది కలకత్తా నుంచి రావాలన్నాడు. రేపు మాత్రం చిన్నగా తోలుకుపోయి అదృష్టం చూసుకోమన్నాడు.

సోమవారం నేను సెలవు పెట్టి మావయ్యతో వెళ్లాను. ఇన్‌స్పెక్టరు వచ్చి కేబిన్ తలుపు పట్టుకుని ఊపాడు. కదల్లేదు. రెండు చేతులతో ఊపాడు. కొండలా నిలబడింది. ఆయన మొహంలో మెచ్చుకోలు కనిపించింది. మావయ్య నా వైపు చూశాడు. ఆదివారం తర్వాత ఆయన నన్ను చూడడం అదే మొదలు. అంతలో ఇన్‌స్పెక్టరు తల లోపలికి పెట్టాడు. స్టీరింగ్ చక్రం ఎటూ తేల్చుకోలేక మా ఇద్దరి సీట్లకూ మధ్య నిలబడి ఉంది.

"మీ ఇద్దరిలో డ్రైవరెవరు?" అని బెంగాలీలో అడిగాడు.

జవాబు కోసం ఆగకుండా కాగితం మీద ఏదో రాసిచ్చి, సరుకు ఎక్కించకుండా నేరుగా ఇంటికి తోలుకుపొమ్మన్నాడు. తిరుగు ప్రయాణంలో మావయ్య ఒక పక్కకు ఒరిగి కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాగితం నా చేతిలో ఉంది. ఇదివరకైతే ఆ కేబిన్‌లో అక్షరం మీద చూపు నిలిచేది కాదు. ఇప్పుడు ఒక్క అక్షరం కూడా కదలడం లేదు. అదే వచ్చిన చిక్కు.

"సదువు" అన్నాడు.

"కేబిన్ బిగింపు చాలా బాగుంది" అని మొదటి వరుస గట్టిగా చదివి, కాగితం మడిచాను.

"అంతేనా?"

"ఇంకా ఉన్నాయి మావా."

"ఎన్ని?"

"ఐదు."

"ఆ మొదటిది మళ్లీ సదువు" అన్నాడు మావయ్య. చదివాను. ఆయన కాసేపు చక్రంతో కుస్తీ పట్టి, "అదొక్కటే హారాన్ దా సేసినాడు" అన్నాడు.

కొత్త కాడ వచ్చి, మళ్లీ పరీక్ష జరిగి, కాగితం చేతికి రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ డ్యూటీ దిగగానే నేను ఒక ఠేలా బండి తోసుకుంటూ గూడ్స్ షెడ్డు నుంచి గోల్‌బజార్‌కు మావయ్య సరుకు చేరవేశాను. షావుకార్లు వేరే లారీ మాట్లాడుకుంటారని మావయ్య బెంగపెట్టుకున్నాడు గానీ, ఒక్కరూ మాట్లాడుకోలేదు. ఉల్లిపాయల కొట్టు షావుకారు అసలు సంగతి చెప్పాడు: లారీని రైలులా ఎత్తిన అప్రెంటిసు రోజూ సాయంత్రం ఎద్దులా చెమటలు కక్కుతూ వస్తుంటే, ఆ వినోదం మానుకుని ఇంకొకడి లారీ ఎవడు పిలుస్తాడు అని. మావయ్య వ్యాపారం అలా నిలబడింది. దాన్ని కూల్చబోయిందీ నేనే, నిలబెట్టిందీ నేనే అని అప్పుడప్పుడు ఇంట్లో అనేవాణ్ణి.

పదో రోజు ఆఖరి బస్తా దించి, దాని మీద కుడిచెయ్యి వేసి, గోల్‌బజార్ నడిబొడ్డున ఒక ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ వస్తువునూ, దానికి కింద ఏం అంటుకుని ఉందో తెలిసిన మనిషిని అడక్కుండా పైకి ఎత్తను. ఇన్నేళ్లుగా ఆ మాట తప్పలేదు. మా ఇంట్లో అన్నం గిన్నె మీద మూత కూడా మా ఆవిడే తీస్తుంది. అది నా వ్రతమని ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను. ఆమె మాత్రం దాన్ని బద్ధకం అంటుంది.