ఫ్రెంచావిడ మైనం, మా అమ్మ మెంతిపిండి

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయాక ఊరికి మిగిలినవి కొన్ని ఖాళీ బంగళాలు, ఆ వెనకే వచ్చిన ఒక వైద్య కళాశాల. ఆ కళాశాలలో తొలి రోజుల్లో చేరిన కొద్దిమంది ఆడపిల్లల్లో నేనొకదాన్ని. మాది డోన్ దగ్గర పల్లె. మా ఇంట్లో జొన్నలూ వేరుశనగలూ పండించినవాళ్ళే తప్ప డాక్టర్లెవరూ లేరు. నాది శవాలు కోసే చదువని తెలిసినప్పటి నుంచి, సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ నన్ను బావి దగ్గరే నిలబెట్టి తలమీద నీళ్ళు పోసేది. కోసి చాలా రోజులైందని చెప్పినా వినేది కాదు.

శరీర నిర్మాణం పాఠం చెప్పడానికి మద్రాసు నుంచి ఒక మేడం వచ్చారు. ఏ శవానికైనా మొదటిసారి కత్తి పెట్టబోయే ముందు ఆమె దాని చెయ్యి కాసేపు పట్టుకునేవారు. ఎందుకు మేడం అని అడిగితే, "పరిచయానికి" అన్నారు.

మాకు వచ్చేవన్నీ దిక్కులేని శవాలు. అన్నీ మగవాళ్ళవే. మా సీమలో దిక్కులేని ఆడవాళ్ళు లేరని కాదు. బతికున్నన్నాళ్ళూ పట్టించుకోని బంధువులు చచ్చిపోగానే వచ్చి, పరువు పోతుందని తీసుకుపోయేవారు. అందుకని గర్భసంచి పాఠం వచ్చినప్పుడు మేడం నల్లబల్లమీద బొమ్మ గీశారు.

"బొమ్మ చపాతీ మాదిరి ఉంది మేడం. కడుపు అట్లుండదు కదా" అన్నాను.

మేడం సుద్దముక్క కింద పెట్టి ఆరోజు గర్భసంచి మానేసి ఒక ఫ్రెంచావిడ సంగతి చెప్పారు.

రెండు వందల ఏళ్ళ కిందట పారిసులో ఒక మందుల దుకాణం ఆయనకు కూతురు పుట్టింది. ఆ అమ్మాయికి బొమ్మలు వేయడం ఇష్టం. రాజుగారి తోటలో మొక్కల బొమ్మలు వేసే ఒక పెద్దావిడ దగ్గర పని నేర్చుకుంది. మొక్కల బొమ్మలు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు మనిషి లోపలిది చెయ్యి అని ఆ పెద్దావిడే చెప్పిందట. వైద్య విద్యాలయాల్లోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. అందుకని మనుషుల్ని పెట్టి శవాలు దొంగతనంగా తెప్పించుకునేదని చెప్పుకుంటారు. వాటిని ఇంటి తోటలో ఒక అద్దాల గదిలో పెట్టుకునేది. అవి కుళ్ళిపోయేలోగా కోసి చూసి, గుండె, ఊపిరితిత్తులు, పేగులు, అన్నీ మైనంతో అచ్చు దించేది. వాటిని తన ఇంట్లోనే జనానికి చూపించేది, ఆడవాళ్ళకు పాఠం చెప్పేది. ఒక ఇంగ్లీషు డాక్టరు వచ్చి చూసి, వీటికి వాసన ఒక్కటే తక్కువ అన్నాడట. ఒకసారి పెద్ద పండితుల సభకు నిండుగర్భిణి బొమ్మను తీసుకుపోయి, పొట్ట తెరిచి, బిడ్డ ఎట్లా కదిలి బయటికి వస్తుందో చేత్తో కదిలించి చూపించింది. పండితులు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు గాని తమలో చేర్చుకోలేదు. ఊళ్ళో వైద్యుల పోరు పడలేక కొన్నాళ్ళు లండను పోయి వచ్చింది. రష్యా రాణి మాత్రం ఆమె బొమ్మలు కొనుక్కుంది.

"ఆమె మైనం ఎండకు కరిగేది కాదట, పగిలేది కాదట. అందులో ఏం కలిపేదో ఎవరికీ చెప్పలేదు. ముసలిదై చనిపోయేదాకా చెప్పలేదు" అని ముగించి, మేడం మళ్ళీ సుద్దముక్క తీసుకున్నారు.

వేసవి సెలవులకు ఇంటికి పోతూ కర్నూలు అంగట్లో నల్లమల తేనెమైనం కొన్నాను. ఇంట్లో ఒక చట్టిలో దాన్ని కరిగించి, కుంకుమ కలిపి, చిన్న కుండ మీద పోసి గర్భసంచి చేశాను. పొద్దున చాలా బాగుంది. మధ్యాహ్నానికి పలక మీద దోసె అయిపోయి ఉంది.

అమ్మ వచ్చి చూసింది. "ఏందే ఇది?"

"గర్భసంచి."

"పప్పు ఉడకేసే చట్టిలో గర్భసంచి చేస్తాండావా?"

చట్టి కడుగుతూ ఆమెకు ఫ్రెంచావిడ సంగతంతా చెప్పాను. శవాల దొంగతనం దగ్గర అమ్మ ఆపింది. "వాళ్ళమ్మ ఏమీ అనల్యా?"

ఆ మాట మేడం చెప్పలేదన్నాను. అమ్మ పలకమీది మైనాన్ని గోటితో గీకింది. "బిడ్డ ఉండే తావు అట్ల కారిపోతే ఎట్లనే? తట్టలకు పూసేది ఉండాది, అది తీసుకో."

మా వైపు పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, ఆ పిండిని వెదురు తట్టలకు పూస్తారు. ఎండితే చెక్కలాగా గట్టిపడుతుంది, పిండి కూడా కారదు. కడవ బోర్లించి, బూడిద చల్లి, దానిమీద మందంగా పూశాం. మా ఎండకు రెండో పూట తట్టితే టకటకమంది. కడవనుంచి ఊడదీసి, ముందువైపు తలుపులాగా కోసి, అడుగున బిడ్డ వచ్చే దారి పెట్టాను. మా వదిన, అంటే మా అన్న భార్య, పాతచీర చింపి దూది కూరి బిడ్డను కుట్టింది. చీర అంచు పేని బొడ్డుతాడు చేసింది.

వదిన అప్పుడు కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. అంతకుముందు ఒక కాన్పు అయింది. బిడ్డ చెయ్యి ముందు బయటికి వచ్చి ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు, వదిన దక్కింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

గర్భసంచి తయారైందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. నేను తలుపు తెరిచి, బిడ్డ తలకిందులుగా ఉంటుందని చూపించి, తిప్పి బయటికి తీశాను. పక్కింటి పెద్దమ్మ బిడ్డ వచ్చే దారిలో వేలు పెట్టి చూసింది. "ఈ సందులోనుంచా మావోడు వచ్చినాడు? ఇప్పుడు వాకిట్లో గూడా పట్టడు." ఇంకొకామె ముక్కు దగ్గర పెట్టుకుని, మెంతులు కొంచెం ఎక్కువైనాయి అంది.

అందరూ వెళ్ళాక వదిన ఆ బొమ్మ ముందు కూర్చుంది. తలకిందులుగా ఉన్న బిడ్డను తీసింది. లోపల అడ్డంగా పడుకోబెట్టింది.

"ఇట్ల ఉండాది" అంది.

"ఏది వదినా?"

"నా బిడ్డ. తల ఈడ తగులుతాది, కాళ్ళు ఆడ తంతాండాయి. పోయినసారి గూడా ఇట్లనే ఉండె. చెప్తే ఎవరూ ఇనల్యా."

ఆమె నా చెయ్యి తీసుకుని పొట్టమీద పెట్టింది. గుండ్రంగా ఏదో తగిలింది. అది తలో కాదో నాకు తెలియలేదు. అప్పటికి నేను చదివిన చదువంతా చచ్చిపోయినవాళ్ళ గురించే. భయమేసింది. కర్నూలు ఆసుపత్రికి పోదామన్నాను.

నాయన ఒప్పుకోలేదు. "కాన్పుకు ఆసుపత్రి ఏందమ్మా? ఆడికి పోయేది సచ్చేటోళ్ళు గదా." అన్న గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ లోపలికి పోయి గర్భసంచి తెచ్చి నాయన ముందర అరుగు కట్టమీద పెట్టింది. లోపల బిడ్డను అడ్డంగా పెట్టి తలుపు మూసింది. "నీ కోడలు కడుపులో ఇట్ల ఉండాదంట. బయటికి తియ్యి, సూద్దాం."

నాయన జీవితంలో ఎన్నో దూడల్ని బయటికి లాగిన మనిషి. నవ్వి, కింది దారిలో రెండు వేళ్ళు పెట్టాడు. బిడ్డ చెయ్యి దొరికింది. లాగాడు. చెయ్యి బయటికి వచ్చి ఆగిపోయింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గట్టిగా లాగితే గుడ్డ చిరిగి దూది వచ్చింది.

నవ్వు ఎప్పుడో పోయింది. ఆయన ఆ చేతిని మెల్లగా లోపలికి తోసి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "రేపు పొద్దున బండి కడ్తా" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

బండిలో డోన్ స్టేషనుకు, అక్కడి నుంచి రైల్లో కర్నూలుకు పోయాం. వదిన, అమ్మ, నేను. మేడానికి చూపిద్దామని గర్భసంచిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి మెంతివాసన తగిలినట్టుంది.

"ఏముండాదమ్మా మూటలో? పచ్చడా?"

"గర్భసంచి" అంది అమ్మ.

ఆయన డోర్ దగ్గర గాలి బాగుంటుందని లేచి పోయాడు. వదిన కాళ్ళు చాపుకుంది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు వదిన పొట్ట నొక్కి చూసి, అడ్డంగానే ఉందన్నారు. రెండు అరచేతులూ పైన ఆనించి, మాట్లాడుతూనే, తొందర లేకుండా బిడ్డను తిప్పారు. వదిన పళ్ళు బిగించి నా మణికట్టు పట్టుకుంది. మర్నాటికి బిడ్డ మళ్ళీ అడ్డం తిరిగింది. డాక్టరు మళ్ళీ తిప్పారు. ఇక నెలలు నిండేదాకా ఊరికి పోవద్దన్నారు. ఆసుపత్రి దగ్గర ఒక గది తీసుకుని అమ్మ అక్కడే పొయ్యి పెట్టింది.

ఆ రోజుల్లో వదిన ఫ్రెంచావిడ గురించి ఎన్నోసార్లు చెప్పించుకుంది. "ఆమెకు పిల్లలెంతమంది?" అంది ఒకసారి.

"పెళ్ళే చేసుకోలేదంట."

"అదీ. అందుకే తీరిక దొరికింది."

నొప్పులు పొద్దున మొదలై సాయంత్రందాకా సాగాయి. తలే ముందు వచ్చింది. ఆడపిల్ల. నల్లగా, కోపంగా ఉంది. డాక్టరు వీపు మీద తట్టేదాకా ఏడవలేదు. ఏడ్చాక ఆపలేదు. అమ్మ బయటికి వచ్చి మెట్లమీద కూర్చుని, తలకొంగు సర్దుకుని, అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. వదిన అడిగిన వేణ్ణీళ్ళు తేవాలని గుర్తొచ్చి లేచాను.

సెలవులయ్యాక మేడం గర్భసంచిని బల్లమీద పెట్టి అన్నివైపుల నుంచీ చూశారు. గోడ మందం ఎక్కువైందన్నారు, దారి పెట్టిన చోటు తప్పన్నారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఆ ఫ్రెంచావిడ బొమ్మలకు లేని గుణం దీనికి ఉంది" అన్నారు. నవ్వలేదు. ఆ ఏడు కొత్తగా వచ్చిన పిల్లలకు నల్లబల్లమీద గీయకుండా దాన్నే ముందు పెట్టి పాఠం చెప్పారు.

మా ఊళ్ళో, బొమ్మ లేకుండానే, ఆ పాఠం చెప్పింది నాయన. ఎవరింట్లోనైనా కోడలికి నెలలు నిండుతున్నాయని తెలిస్తే ఆమె మొగుణ్ణి కట్ట దగ్గరికి పిలిచేవాడు. "బిడ్డ యాడ తంతాండాదో నీ పెండ్లాన్ని అడిగినావా?" అనేవాడు. కొందరు సిగ్గుపడి వెళ్ళిపోయేవారు. కొందరు ముసలాయనకు మతిపోయిందని నవ్వేవారు. అట్లా నవ్విన ఒకాయన, కొన్నాళ్ళకు ఒక పొద్దున, చెప్పులు కూడా లేకుండా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అడ్డం ఉండాదంటాంది అన్నా" అన్నాడు.

నాయన ఎద్దుల్ని విప్పి బండి కట్టడానికి లేచాడు.