పులుల దర్వాజ

ఆ రోజుల్లో వీడియో గేములు ఎలా ఉండేవని మా అమ్మాయి అడిగితే ఒక సంగతి చెప్పాను. ఇప్పుడు దాన్ని మా ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా తిప్పి చెబుతున్నారు. ఒకరి కథలోనైతే నేను పులికి భయపడి బస్సెక్కి పారిపోయాను కూడా. బస్సెక్కిన మాట నిజమే గాని పారిపోలేదు. నా పరువు ఎంతమేరకు పోయిందో అంతే లెక్కలో ఉండాలని ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మా బావ, అంటే అక్క మొగుడు, జహీరాబాద్ బస్టాండు ఎదుట ఉన్న తన సైకిళ్ళ దుకాణంలో సగం ఖాళీ చేసి, బొంబాయి నుంచి లారీలో ఒక వీడియో గేమ్ డబ్బా తెప్పించాడు. నేను పదో తరగతితో చదువు ఆపి ఆ దుకాణంలోనే పంక్చర్లు వేసేవాణ్ణి. సాయంత్రమైతే గ్రంథాలయమే. అక్కడి చరిత్ర బీరువా మొత్తం చదివేశాను (చెదలు తిన్న పేజీలను ఊహించుకున్నాను). అందుకే దుకాణంలో అందరూ నన్ను 'బీరువా' అనేవారు. వాళ్ళు వెక్కిరింపుగా పిలిచినా నేను బిరుదుగానే తీసుకున్నాను.

ఆ ఆటలో తలపాగా చుట్టిన వీరుడొకడు కత్తి పట్టుకుని కోటలోకి చొరబడితే, దర్వాజలోంచి పులులు దూకేవి. వెనక మంచు కొండలు, పక్కన ఒంటె, బురుజు మీద పాములవాడు. హిందూస్తాన్ మొత్తాన్ని ఒకే గల్లీలో సర్దేశారు. కానీ నా కళ్ళు పులుల మీదే నిలిచాయి. బీదర్ కోటకు శర్జా దర్వాజ, అంటే పులుల దర్వాజ, ఉందని నేను చదివాను మరి! ఇంకేం, "ఇది మన బీదర్ కోటనే" అని ప్రకటించాను.

"మరి మంచు కొండలేందిరా బీరువా?" అని ఒక లారీ డ్రైవర్ అడ్డుకున్నాడు.

"మంచు గాదు, సున్నం కుప్పలు. కోట గట్టినప్పుడు మిగిలినయ్."

"గా ఒంటె?"

"అరబ్బు గుర్రాలతోని వచ్చింది."

(ఇంత విషయం ఏ పుస్తకంలోనూ లేదు. చెదలు తిన్న పేజీల్లో ఉండి ఉంటుందని నమ్మాను.) బావ సంబరపడిపోయి, 'లోపల బీదర్ కోట' అని చాక్‌పీసుతో తలుపు మీద రాయించాడు. రాసింది నేనే.

మూడో రోజు మా అత్తమ్మ, అంటే బావ తల్లి, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, తల దువ్వుకుని దుకాణానికి వచ్చింది. ఆమె పుట్టిల్లు బీదర్. తల్లి పోయాక అన్నావదినలు పిలవలేదని ఈమె పోలేదు, ఈమె రాలేదని వాళ్ళు పిలవలేదు. అలా పదేళ్ళు గడిచాయి.

"అల్లుడా, మా బీదర్ గీ డబ్బల ఉన్నదంట గద. జర మా గల్లి సూపియ్. కోట దాటినంక ఎడమకు తిరిగితే వస్తది" అంది, కొంగుతో అద్దం తుడుస్తూ.

వీరుణ్ణి ఎడమకు తిప్పాను. గోడకు గుద్దుకున్నాడు. మళ్ళీ తిప్పాను. పులి తినేసింది.

"గీ పులి యాడికెళ్ళి వచ్చిందిరా?"

"శర్జా దర్వాజ పులి, అత్తమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గవి రాతి పులులు గదరా! దర్వాజ మీద చెక్కిన్రు. నా పెండ్లి దినం ఎట్లున్నయో గిప్పుడు గట్లనే ఉంటయ్. నువ్వెన్నడన్న బీదర్ వోయినవా?"

పోలేదు. గంట ప్రయాణం. అంత దగ్గరి ఊరిని పుస్తకంలో చూశానే గాని బస్సులో చూడలేదు. దుకాణమంతా గొల్లుమంది. "బీరువల చెదలు వట్టినయ్" అన్నాడు ఆ డ్రైవర్. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆ చీర కట్టుకుని వచ్చింది నా మాట నమ్మే కదా అని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నడువ్" అంది కొంగు దులుపుకుని. "బస్సున్నది."

బీదర్‌లో దిగి, కోట దర్వాజ ముందు ఆ రాతి పులులను తల వెనక్కి వాల్చి చూస్తూ నిలబడ్డాను. ఒక్కటీ దూకలేదు. తర్వాత ఆమె ఎడమకు తిరిగి, ఒక గల్లీలో ఒక తలుపు ముందు ఆగింది. కొట్టబోయిన చెయ్యి దించి, నన్ను ముందుకు నెట్టింది. తలుపు తీసిన తన వదినతో, "మా అల్లునికి కోట సూపిద్దమని తెచ్చిన. పోరనికి ఏం తెల్వది" అంది. వదిన ఒక్క క్షణం చూసి, "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఇద్దరూ ఏడుస్తుంటే నేను వాకిట్లో చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. నా అజ్ఞానం అంతగా అక్కరకు వచ్చిన రోజు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లోని ఆటల్లో కోట రాళ్ళ మీద పాచి కూడా కనిపిస్తుంది. అయినా నేను ఎడమకు తిప్పి చూస్తాను, గల్లీ ఉంటుందేమోనని. గోడకే గుద్దుకుంటాను.

ఈ జ్ఞాపకానికి సాయపడ్డ అత్తమ్మకు, తలుపు మీద రాసింది తుడవనియ్యని బావకు, చెదల బీరువా తాళం నా చేతికిచ్చిన గ్రంథాలయం సారుకు, నవ్విన లారీ డ్రైవర్‌కు నా దండాలు. బీదర్ మొహం చూడకుండా ఆ ఆట గీసిన దూరదేశపు చిత్రకారులకు కూడా. వాళ్ళూ నాలాగే ఎక్కడో చదివి ఊహించుకున్నారు. పాపం, వాళ్ళకు టికెట్ తీసే అత్తమ్మ దొరకలేదు.