రక్తం మాత్రల సీసా

మా మామకు వచ్చిన జబ్బు గురించి మా చుట్టాలందరిలోకీ నాకే ఎక్కువ తెలుసు. గొప్పకు చెప్పడం లేదు. ఆ జబ్బు మీదే నేను పీహెచ్‌డీ చేశాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. కమలాపురంలో బట్టల కొట్టు నడిపేవాడు. కొట్టుకొచ్చిన ఆడవాళ్లకు చీర విప్పి చూపిస్తూ, "ఇది నీకు బాగుండదు, పోమ్మా, ఇంకోటి సూపిస్తా" అని మొహం మీదే చెప్పే వ్యాపారి. అయినా బేరం పోగొట్టుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. హైదరాబాదులో చదువు ముగించుకొని నేను కర్నూలులో ఒక ఆసుపత్రికి ఆనుకొని ఉన్న చిన్న ల్యాబులో చేరాను. నన్నందరూ డాక్టరమ్మా అనేవాళ్లు కానీ నాకు సూది వేయడం కూడా రాదు. రోగుల రక్తం ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో నా బల్ల మీదికొచ్చేది. అందులోని కణాలు ఎందుకు చెడిపోయాయో వెతకడం నా పని. కణం పెరగాలంటే లోపల ఒక ప్రొటీను ఇంకో ప్రొటీనుకు కబురందిస్తుంది, అది ఇంకోదానికి. పని అయిపోగానే కబురు ఆగిపోవాలి. మామకు వచ్చిన రక్త క్యాన్సర్‌లో రెండు క్రోమోజోములు విరిగి, ముక్కలు తారుమారై అతుక్కుంటాయి. ఆ అతుకులోంచి పుట్టే ప్రొటీను మర చెడిన కొళాయిలాంటిది, ఇక కట్టేయడం కుదరదు. సరిగ్గా ఆ ప్రొటీనులోనే పోయి కూర్చొని దాన్ని ఆపే మాత్ర అప్పటికి కొత్తగా వచ్చింది. జుట్టు ఊడదు, మంచం పట్టాల్సిన పని లేదు. రోజూ మింగాలి, బతికినంత కాలం మింగాలి. అంతే.

మామ ఆర్నెల్లుగా చిక్కిపోతూ వచ్చాడు. ఎడమ డొక్క కింద రాయి పెట్టినట్టుంది అనేవాడు. నేనే కర్నూలుకు పిలిపించాను. రక్త పరీక్ష ఫలితం ముందు నా చేతికే వచ్చింది.

ఆ ఆదివారం కడపలో మా ఇంట్లో అందరూ కూర్చున్నారు, మామా అత్తా తప్ప. అవ్వ ఒకటే మాట పట్టుకుంది. "మా తమ్మునికి జబ్బు పేరు సెప్పినారు. పదైదు దినాలు అన్నం ముట్టల్యా, గోడకు తిరుక్కొని పండుకొని సచ్చిపోయినాడు. నా కొడుక్కు సెప్తే నేను బాయిలో పడతా." అత్తకు కూడా చెప్పొద్దన్నారు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదని. మామను చూసే డాక్టరు సరేనన్నారు. మా వైపు ఇది మామూలే, జబ్బు పేరు బంధువులకు చెబుతారు, జబ్బు మనిషికి చెప్పరు. అమ్మ నా వైపు తిరిగి, "నువ్వే యాడైనా నోరు జారతావు, జాగ్రత్త" అంది.

నేను నోరు జారకపోగా ఉపాయం కూడా చెప్పాను. మాత్రల అట్టల మీద ఇంగ్లీషులో ఏముందో కొట్టుకొచ్చే ఏ మాస్టరో చదివితే గుట్టు రట్టవుతుంది కదా. అందుకని నెలనెలా అట్టల్లోంచి మాత్రలు ఒత్తి తీసి, అమ్మ వాడి పారేసిన రక్తం టానిక్కు మాత్రల సీసా కడిగి ఆరబెట్టి, అందులో నింపేదాన్ని. సీసా మీద ఎర్ర రంగులో రక్తపు చుక్క బొమ్మ ఉండేది. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పే పాఠం, గొట్టం మీద చీటీ తప్పుంటే లోపల బంగారమున్నా పారబోయమని. ఆ పాఠం చెప్పే నేనే ఈ పని చేశాను. నా చదువు తగలబడ!

సీసా చేతికిచ్చినప్పుడు మామ సూటిగానే అడిగాడు. "ఏం మాత్రలు పాపా ఇవి?"

"రక్తం మాత్రలు మామా. నీకు రక్తం సరిగ్గా లేదు. రోజూ నాలుగు, అన్నం తిన్నాక."

"అంతేనా? ఇంగేమన్నా ఉండాదా?"

"ఏముంటుంది మామా, అంతే."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సీసా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను చెబితే నమ్మాడు.

మూడు నెలల్లో మనిషి తేరుకున్నాడు. డొక్కలో రాయి కరిగిపోయింది. ఒంటిమిట్టకు పోయి మొక్కు తీర్చుకొని వచ్చాడు. రక్త పరీక్ష చూసి డాక్టరు నన్ను మెచ్చుకున్నారు. అవ్వ నాకు దిష్టి తీసింది. నేను పుస్తకాల్లో చదివిన మందు నా కళ్ల ముందు నా మామను నిలబెట్టింది. ఆ ఏడాది నేను నేల మీద నడిస్తే ఒట్టు.

రెండో ఏడు ఎండాకాలం కమలాపురం పోయినప్పుడు మామ కళ్ల కింద వాపు చూశాను. ఆ మాత్ర వల్ల అలా ఉబ్బడం మామూలే. అత్త కళ్ల కింద కూడా ఉబ్బింది. "ఏమత్తా, ఇద్దరూ కూడబలుక్కొని ఏడ్చినారా?" అని ఎగతాళి చేశాను. అత్త నవ్వి, నిద్ర సాలల్యా అంది. నేనూ నవ్వి, పెట్టిన బొరుగులు తిని బస్సెక్కాను. నాలాంటి గుడ్డిదాన్ని ఎక్కడా చూడలేదు.

ఆ చలికాలానికి మామకు తెల్లకణాలు మళ్లీ పెరిగాయి, జబ్బు తిరగబెట్టింది. మామ రక్తంలోంచి జన్యువు తీసి, దాని అక్షరాల వరుస చదివించడానికి హైదరాబాదుకు పంపాం. ఫలితం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సరిగ్గా మాత్ర కూర్చునే చోట ఒక్క అక్షరం మారింది. అది మారితే మాత్రకు అక్కడ చోటుండదు. మా ప్రాంతపు రోగిలో మేం దాన్ని చూడడం అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. అది ఎవరి రక్తమో ఆ తర్వాత గుర్తొచ్చి కూలబడ్డాను.

మా ల్యాబు పెద్దాయన అంతా విని, "మాత్రలు సక్రమంగా వాడుతున్నాడా?" అన్నారు.

"మా మామే సార్. నేనే నింపి ఇస్తున్నాను."

"ఇవ్వడం వేరమ్మా, మింగడం వేరు. పోయి కనుక్కో."

కమలాపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. మామ కొట్లో ఉన్నాడు. అత్త వంటింట్లో చెనిక్కాయలు వలుస్తోంది. మామ మాత్రలు మర్చిపోకుండా వేసుకుంటున్నాడా అని అడిగాను.

"మర్సిపోతే ఊరకుంటానా? ఆయప్పకు రెండు, నాకు రెండు. పొద్దున అన్నం తిన్న్యాక ఇద్దరం ఒకేసారి ఏసుకుంటాం."

"నువ్వెందుకు తింటాండావత్తా?"

"నాగ్గూడా రక్తం తక్కువే గదా పాపా. ఉగాదప్పుడు కండ్లు తిరిగి పడితే ఆస్పత్రిలో నర్సమ్మ సెప్పె. మీ మామ సీసా సూపిచ్చి, నాకు బాగయింది గదా, మనిద్దరికీ ఇదే సాలు, మళ్లా యేరే మందెందుకు అనె."

ఉగాది నుంచి ఎనిమిది నెలలు. మామ అన్నాళ్లూ సగం మందు మీదే బతికాడు, రక్తం లేని మనిషేమో క్యాన్సర్ మందు మింగింది. నేను అప్పుడైనా చెప్పానా? లేదు. "నీకవి వేడి చేస్తాయత్తా, తినొద్దు, నీకు వేరే తెస్తాను" అన్నాను. ఒక అబద్ధం మీద ఇంకోటి.

సగం మోతాదు వల్లే ఆ అక్షరం మారిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. అలాంటి కణం ఒకటి మొదటి నుంచే ఉండి ఉండవచ్చు. నిండు మోతాదు వాడి ఉంటే అది తల ఎత్తేది కాదేమో, ఎత్తేదేమో. ఈ మాట శాస్త్రం తెలిసిన మనిషిగా అంటున్నాను. మేనకోడలిగా నాకే సందేహమూ లేదు. మళ్లీ నాలుగు మాత్రలూ వేయించాం, ఆరు వేయించాం. కణాలు తగ్గలేదు. ఆ మార్పుకు అప్పటికి మందు లేదు. అత్తకు మాత్రం కళ్ల వాపు పోయి, ఇనుము మాత్రలతో వారాల్లో బాగైంది.

ఆ కేసును పత్రికకు రాయమన్నారు పెద్దాయన. రాశాను. అందులో ఒక వాక్యం, రోగి మందు సక్రమంగా వాడలేదు అని. ఎందుకు వాడలేదో రాయడానికి అక్కడ చోటు లేదు. ఉన్నా రాసేదాన్ని కాదు. తప్పంతా మామ నెత్తిన వేసి సంతకం పెట్టాను.

మామను చివరికి కడపలో మా ఇంటికే తెచ్చారు. అన్నం పోవడం లేదు, చిగుళ్లలోంచి రక్తం. ఒకరోజు సాయంత్రం అమ్మా అవ్వా గుడికి పోయారు. నేను పక్కన కూర్చొని కమలాపండు ఒలుస్తున్నాను. మామ నా చెయ్యి పట్టి ఆపాడు.

"రక్తం తక్కువైతే ఇట్ల కాదు పాపా. నేను సదువుకోల్యా గానీ ఎర్రోణ్ణి కాదు. సెప్పు."

చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. మాత్ర దేనికో చెప్పాను, సీసా సంగతి చెప్పాను, సగానికి సగం పంచితే ఏమై ఉంటుందో చెప్పాను. అయిపోయాక, "మీ అత్తకేమన్నా అయితాదా?" అన్నాడు. ఏమీ కాదు మామా, మానేసింది, బాగుంది అన్నాను. అమ్మయ్య అని కళ్లు మూసుకున్నాడు.

భార్య కోసమే కదా పంచాడు, ఆ తృప్తి అయినా మిగులుతుందేమో అనుకొని, ఆ మాటే పైకి అన్నాను. "అత్త మీద ప్రేమతో ఇచ్చావు మామా."

ఆయన కళ్లు తెరిచాడు. అంత కోపంగా నన్ను ఎప్పుడూ చూడలేదు.

"ప్రేమ గీమ కాదుప్పా. టానిక్కు గదా, యాడ కొన్నా దొరుకుతాది గదా అని ఇచ్చినా. ఇది నా పానం నిలబెట్టే మందని సెప్పింటే ఒక్కటి గూడా ఇచ్చేటోణ్ణి కాదు. నాకు బతకాలని శానా ఉండె పాపా."