ఆమె వేలితో తెరుచుకున్న కంప్యూటర్

మా నాడకచేరిలో, అదే మా రెవెన్యూ ఆఫీసులో, ఒకప్పుడు కంప్యూటర్ కొట్టిన ఆయమ్మ చనిపోయిందని మంగళవాడ సంతకు వచ్చినవాళ్ళు చెప్పారు. కామెర్లట. నాకు సంతకం వరకే చదువు. అయినా ఈ నాలుగు మాటలు నేనే చెప్పి రాయించాలి. ఆఫీసువాళ్ళు రాయరు.

పహణి అంటే మా భూమి కాగితం. దానికోసం పోతే మిగతావాళ్ళు తల ఎత్తరు. ఆమె మాత్రం కుర్చీ వదిలి వచ్చి, మెట్ల మీద కూర్చుని చదివి చెప్పేది. "అర్థం కాకుంటే తల ఊపద్దు తాతా, మళ్ళీ అడుగు," అనేది. ఎవరి మాటా వినని నేను ఆమె మాట వినేవాణ్ణి.

పొద్దున ఆమె వేలు పెడితే కంప్యూటర్ తెరుచుకునేది. తర్వాత ఎవరు కూర్చుని ఏం కొట్టినా ఆమె పేరే పడేది. లేచినప్పుడల్లా మూసి రమ్మని చెప్పాను. "అందరం ఒగ ఆఫీసోళ్ళమే, మూసుకుంటే ఏం బాగుంటాది తాతా?" అని నవ్వింది.

ఒక మధ్యాహ్నం నన్ను తిరుమణి బస్సు ఎక్కించడానికి వచ్చింది. "సీటు యాడుండాది, నా నెత్తి మీదనా?" అన్నాడు కండక్టరు. "ఆడ ఖాళీగానే ఉండాది కదప్పా, కూర్చోబెట్టు," అంది. బస్సంతా నవ్వింది.

సరిగ్గా ఆ వేళకే ఆఫీసులో ఎవరో నా పహణిలో పేరు మార్చారు. సోలార్ కరెంటు కంపెనీకి గుత్తకిచ్చిన నా చేను ఇంకొకడిదైంది. విచారణలో చూస్తే, మార్చింది ఆమేనని తెర మీద ఉంది.

"ఆ పొద్దులో ఆయమ్మ నన్ను బస్సెక్కిస్తా ఉండింది సారూ."

"కంప్యూటర్ అబద్ధం చెప్తాదా తాతా?"

"నేను చెప్తానాప్పా? చేను పోయింది నాది!"

నా పేరు మళ్ళీ ఎక్కించారు. ఆమెను పనిలోంచి తీసేశారు. అసలు కొట్టిందెవరో ఎవరూ అడగలేదు.

ఆమె శనక్కాయల కూలికి పోయింది. "కూలికి సిగ్గు లేదు తాతా. ఊర్లో ఎవురూ నాతో కాగితం చదివించుకోరు ఇప్పుడు," అంది.

ఆమె కర్మ అయ్యాక ఆఫీసుకు పోయి, నా పహణి మార్చినట్టు పడిన ఆమె పేరన్నా తీసేయమన్నాను. "తీసేకి రాదు తాతా, ఎవురు మార్చిందీ అట్లే ఉంటాది," అంది ఆమె కుర్చీలో కూర్చున్న కొత్త అమ్మాయి. నా వెనకే ఆమె కూతురు, స్కూలుకు కులం సర్టిఫికెట్ కావాలని నిలబడి ఉంది.

"మీ అమ్మ పేరేంది?"

బిడ్డ చెప్పింది. కొత్త అమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. తల ఎత్తి బిడ్డ మొహం చూసింది. వినబడలేదేమో అనుకుని, ఆ బిడ్డ ఈసారి గట్టిగా చెప్పింది.