కిటికీ తెరవమన్న రాణి

హఫీజ్‌పేట్, శ్రావణ మాసం, మొదటి మంగళవారం.

మా ఎదురు ఫ్లాటు మేడమ్ నిన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆదివారం సంతాప సభ పెడతామని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాశారు. దాని కింద వచ్చిన మెసేజ్‌లు చూశాక ఇది రాయక తప్పలేదు. ఆవిడకి తెలియని ఇంగ్లీషు మాట లేదని ఒకరు రాశారు. ఎవరినీ ఏనాడూ ఒక్క మాట అనలేదని ఇంకొకరు రాశారు. రెండూ తప్పే. నేను ఉద్యోగమంతా లెక్కల శాఖలో చేసినదాన్ని. మనిషి పోయారు కదా అని ఎక్కువ వేసి రాయడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాసినా ఆవిడ గొప్ప ఏమీ తగ్గదు.

ఆవిడ ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ల హాల్లో పాత ఇంగ్లీషు నాటకాలు చదివించేవారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా తడుముకునే మాటలుంటాయి వాటిలో. నేను అక్కడికి నేర్చుకోవడానికి వెళ్లలేదు, గొడవ ఆపడానికి వెళ్లాను. మూసిన తలుపు వెనక ఎవరో ఆడపిల్ల ఇంగ్లీషులో ఏడుస్తూ అరుస్తోంది. తలుపు కొట్టి ఏం జరుగుతోందని నిలదీశాను. ఏడో అంతస్తులో ఉండే అమ్మాయి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుస్తకం పట్టుకుని రాణి పాత్ర చదువుతోంది. మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "సమయానికి వచ్చారండీ. మాకు జైలరు లేడు. మీ గొంతుకి తాళంచెవుల గుత్తి బాగా నప్పుతుంది" అన్నారు. ఆ రోజు నుంచి ఏ నాటకంలోనైనా జైలరూ తలారీ పన్నులు వసూలు చేసేవాడూ నేనే.

ఆవిడ పద్ధతి వేరు. తెలియని మాట వస్తే ఫోన్‌లో చూడనిచ్చేవారు కాదు. "అర్థం తరవాత చూద్దాం. ఈ మాట అంటున్న మనిషికి ఏం కావాలో ముందు చెప్పండి" అనేవారు. అడుగుతున్నాడా, బతిమాలుతున్నాడా, బెదిరిస్తున్నాడా? అది తేలాకే డిక్షనరీ. అది తేలితే చాలాసార్లు డిక్షనరీ అవసరమే ఉండేది కాదు. రెండు మాటలకి ఒకటే అర్థం అంటే ఒప్పుకునేవారు కాదు. మామూలుగా అడిగే ఆస్క్ వేరు, బతిమాలే ఎంట్రీట్ వేరు, కాళ్లావేళ్లా పడే బిసీచ్ వేరు. దేని ఖాతా దానిదే. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఏడో అంతస్తు అమ్మాయిది కరీంనగర్ వైపు. సెలవు కోసం ఒకసారి మేనేజరుకి మెయిల్ రాస్తూ 'బిసీచ్' వాడింది. టీమంతా నవ్విందట. "మీరు చెప్పిన మాటనే గద మేడమ్, గిట్ల పరేషాన్ అయితదని నాకేం తెలుసు" అని మొహం మాడ్చుకుని వచ్చింది. మేడమ్ నవ్వలేదు. "అది మోకాళ్ల మీద కూర్చున్నవాళ్ల మాటమ్మా. సెలవు నీది. నిలబడి అడుగు" అన్నారు. మర్నాడు ఆ పిల్ల నిలబడే అడిగింది. సెలవు వచ్చింది.

ఒక్క మాట అనలేదన్నదానికి జవాబు: అంకం పూర్తికాకుండా బిస్కెట్ మీద చెయ్యి వేస్తే పుస్తకంతో ఆ చేతి మీద కొట్టేవారు. నన్నూ కొట్టారు. తెలియని మాట లేదన్నదానికి జవాబు: తెలియకపోతే తెలియదనే చెప్పేవారు. మర్నాడు పొద్దున్నే, ఇంకా జడైనా వేసుకోకుండా, మా తలుపు కొట్టి అర్థం చెప్పి వెళ్లేవారు. 'తెలియదు' అని అంత నిబ్బరంగా అనగలిగిన చదువరిని నేను ఇంకొకరిని చూడలేదు.

పోయిన దీపావళి తరవాత ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. దవాఖాన నుంచి తెచ్చాక మేనల్లుడు వచ్చి దగ్గరుండి చూసుకున్నారు. ఆయన ప్రగతి నగర్‌లో ఉంటారు, ఏదో కంపెనీలో పెద్ద హోదా. ఆవిడకి నా అన్నవాళ్లు ఆయనొక్కరే. నీళ్లు కావాలనడానికే మాట రాని మనిషి, ఒక రోజు ఉన్నట్టుండి ఇంగ్లీషులో పెద్ద పెద్ద వాక్యాలు మాట్లాడారు. సంకెళ్లట, చెరసాలట, కాపలావాడా దయచూడమట. మేనల్లుడు బెదిరిపోయారు. "అత్తయ్యకి మతి పోయిందండీ. నన్ను జైలరనుకుంటోంది" అని నాతో చెప్పి కళ్లు తుడుచుకున్నారు. మతి తప్పినవాళ్లను ఉంచుకునే హోమ్ ఒకటి మాట్లాడానని, మర్నాడు బండి వస్తుందని అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. నిద్ర లేక ఆయనే సగమై ఉన్నారు.

నేను లోపలికి వెళ్లాను. మేడమ్ నా వైపు చూసి అదే వాక్యం మళ్లీ అన్నారు. అది నాకు తెలిసిన వాక్యం. చెరలో ఉన్న రాణి జైలరుతో అనే మాట. ఆ జైలరుని నేను. ఆవిడ నేర్పిన ప్రశ్నే వేసుకున్నాను. ఈ మాట అంటున్న మనిషికి ఏం కావాలి? ఆ ఘట్టంలో రాణి విడుదల అడగదు. కిటికీ తెరవమంటుంది, అంతే. దోమలొస్తాయని మూసిన కిటికీ తెరిచాను. స్టేషన్‌లోకి వస్తున్న ఎంఎంటీఎస్ రైలు చప్పుడు గదిలోకి వచ్చింది. మేడమ్ నవ్వారు. మంచాన పడ్డాక అదే మొదటి నవ్వు.

డాక్టరుకి ఫోన్ చేస్తే, సొంతంగా మాట కూర్చుకోవడం పోయినా కంఠతా వచ్చినవి కొందరికి మిగులుతాయని చెప్పారు. నేను మేనల్లుడి చేతిలో ఆ నాటకం పెట్టి, రాజు మాటలు చదవమన్నాను. రాణిని ఇంతకంటే మంచి కోటకి పంపిస్తానని రాజు అనే చోటు అది. ఇప్పుడిదంతా ఎందుకని ఆయన విసుక్కున్నారు. "చదువు బాబూ" అన్నాను, జైలరు గొంతుతోనే. చదివారు. రోజూ ఇంగ్లీషులోనే పనిచేసే మనిషి, ఆ పాత మాటల దగ్గర తడబడ్డారు. మంచం మీద నుంచి మేడమ్ రాణి జవాబు పొల్లుపోకుండా చెప్పారు. ఈ గోడలకి నా అడుగులు తెలుసు, నన్ను ఇక్కడే టారీ కానివ్వు అని. టారీ అంటే, వెళ్లవలసిన మనిషి ఇంకాస్త ఉండిపోవడం. మేనల్లుడు పుస్తకం మూసేశారు.

"ఇక్కడే ఉంటావా అత్తయ్యా?"

ఆవిడ ఎడమ చేత్తో ఆయన చొక్కా పట్టుకుని, "టారీ" అన్నారు. ఆయన బాల్కనీలోకి వెళ్లి బండి వద్దని ఫోన్ చేశారు.

అప్పటి నుంచి శనివారం చదువుకి వచ్చే మేమందరం వంతులు వేసుకుని ఆవిడ దగ్గర ఉన్నాం. నీళ్లు కావాలంటే ఎడారిలో దారి తప్పిన సైనికుడి మాట అనేవారు. మందు వద్దంటే, పాలలో విషం కలిపారని అనుమానించే రాకుమారుడి మాట. ఆ మాట అర్థమయ్యాక కూడా మందు మింగించాను. శనివారాలు ఆగలేదు. ఆ నాటకమే మళ్లీ మొదలుపెట్టి, రాణి పాత్ర ఆవిడకే వదిలేశాం. మాలో ఎవరైనా తప్పు పలికితే మంచం అంచు తట్టేవారు. మేం లేవబోతే "టారీ" అనేవారు, మళ్లీ కూర్చునేవాళ్లం.

మొన్న శనివారం నాలుగో అంకం పూర్తయింది. లేచి నిలబడి ఆ మాట కోసం ఆగాం. ఆవిడ అనలేదు. వెళ్లి రండన్నట్టు చెయ్యి ఊపారు.

ఇక జరగవలసినవి:

1. గ్రూపులో ఆ రెండు మెసేజ్‌లు రాసినవాళ్లు వాటిని తామే సరిచేయాలి.

2. సంతాప సభ ఆదివారం పెట్టుకోండి. శనివారం చదువు మాత్రం ఆగదు. అయిదో అంకం మిగిలి ఉంది.

3. రాజు మేనల్లుడే. ఒప్పుకున్నారు. రాణి మళ్లీ ఏడో అంతస్తు అమ్మాయి. "మేడమ్ లేకుండ నాతోని కాదు అమ్మమ్మా" అని నాతో అంటోంది. అవుతుంది.

4. అంకం పూర్తయ్యేదాకా బిస్కెట్లు లేవు.

5. మొదలుపెట్టే ముందు కిటికీ తెరవాలి. అది జైలరు పని, నేనే చేస్తాను. రైలు చప్పుడు గదిలోకి వచ్చాకే రాజు నోరు విప్పాలి.